తడిగుడ్డ

“లాగితే కాగితం మీ చేతికొస్తుంది సార్, ముఖం మాత్రం అద్దానికే ఉండిపోతుంది,” అన్నాడు పాత ఫోటోలు బాగుచేసే షాపతను, ఫ్రేమును దీపం కింద తిప్పి చూస్తూ. “దీన్ని రోజూ ఎవరైనా తడిగుడ్డతో తుడుస్తారా?”

“మా అమ్మ. పొద్దున లేస్తే అదే పని.”

“అదే కొంప ముంచింది. చెమ్మ లోపలికి దిగి ఫోటో అద్దానికి అంటుకుపోయింది, ముఖం చెరిగిపోయింది.”

చిన్నోడు ఫ్రేములోకి వంగి చూశాడు. యాభై దాటి నెత్తి పలచబడినా ఇంట్లో అతను చిన్నోడే. పెద్దోడు మూడేళ్ళకే జ్వరంతో పోయాడు. వాడిదని మిగిలింది ఈ ఒక్క ఫోటో. ఇప్పుడు అందులో చొక్కా ఉంది, చేతులున్నాయి, ముఖం ఉండాల్సిన చోట గోధుమరంగు మరక ఉంది.

“అది బాగుపడకపోతే నీ మొహం నాకు చూపించకు,” అని చెప్పి మరీ పంపింది అమ్మ. ఆవిడ అన్నదంటే అన్నదే.

“ముఖం ఇక రాదా?”

“ఉన్నదైతే బాగుచేస్తాను. లేనిదాన్ని ఎక్కణ్ణుంచి తేను?” షాపతను గడ్డం గోక్కున్నాడు. “తోడబుట్టినవాళ్ళది ఆ వయసు ఫోటో ఉంటే పట్రండి. కళ్ళూ ముక్కూ చూసి ఏదో అతుకు వేస్తాను. ఇప్పుడే తెస్తే సాయంత్రానికి ఇచ్చేస్తా. మీ అమ్మగారు పట్టేస్తే మాత్రం నా పూచీ లేదు.”

అన్న ఫ్రేమును అక్కడే వదిలి చిన్నోడు ఇంటికొచ్చాడు. అమ్మ కిటికీ దగ్గర కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. కంటి ఆపరేషనయ్యాక ఒక్క పట్టులో ఎక్కించేస్తోంది. ఆ కళ్ళలో వేళ తప్పకుండా చుక్కలు వేసింది చిన్నోడే.

“ఏడీ నా బంగారం?”

“సాయంత్రానికి ఇస్తాడటమ్మా. పోలికకి నా ఫోటో కావాలన్నాడు.”

అతని ఫోటో తలుపు వెనక మేకుకుంది. అతనికి మూడేళ్ళు నిండగానే పెద్దోడి ఫోటో తీయించిన స్టూడియోకే నాన్న తీసుకెళ్ళి, అన్న చొక్కానే తొడిగి తీయించాడు. పిల్లల మధ్య తేడా ఉండకూడదని ఫ్రేము కూడా అలాంటిదే కట్టించాడు. పాపం, ఆయన వెర్రి ఆయనది. దానికి తడిగుడ్డ కాదుగదా, పొడిగుడ్డ కూడా తగిలిన పాపాన పోలేదు. అద్దం వెనక పిల్లాడున్నాడో పిల్లి ఉందో తెలియనంత దుమ్ము.

“తీసుకుపో,” అంది అమ్మ, అటు తిరక్కుండానే. “మళ్ళీ తేకపోయినా పర్లేదు.”

అతను ఫ్రేము చంకలో పెట్టుకుని గుమ్మంలో ఆగాడు. “నా ఫోటో ఎప్పుడైనా చూశావా అమ్మా?”

“ఏముందని చూడ్డానికి? మీ నాన్నలాగే బండముక్కు నీది. వాడే ఉంటేనా...” ఆవిడ దారాన్ని పళ్ళతో తెంపింది. “ఎవర్ని తీసుకెళ్ళాలో ఆ దేవుడికి తెలిసి చావలేదు.”

కొత్త మాటేం కాదు. ఊహ తెలిసిన దగ్గర్నుంచీ వింటున్నదే. అయినా ఆ పూట మెట్లు దిగుతుంటే అతనికి కళ్ళు మసకలేశాయి.

పొద్దు వాలే వేళకు తిరిగొచ్చి ఫ్రేమును అమ్మ ఒళ్ళో పెట్టాడు. ఆవిడ కిటికీ వైపు తిప్పి చూసింది. చూస్తూనే ఉంది.

“నా తండ్రే,” అంది. అద్దాన్ని ముద్దుపెట్టుకుంది. “ఆ కళ్ళు చూశావా? ఆ ముక్కు చూడు, చెక్కినట్టు. వీటిలో నీకు ఒక్కటైనా వచ్చిందా?”

“లేదమ్మా.”

“ఎలా వస్తుంది? వాడెక్కడ, నువ్వెక్కడ.” ఆవిడ ఫ్రేమును గుండెలకు హత్తుకుంది. “నీది తేలేదా?”

“లేదు.”

“పోనీలే.”

“ఇక దీనికి తడిగుడ్డ పెట్టకమ్మా.”

“నా బిడ్డని ఎలా చూసుకోవాలో నువ్వా నాకు చెప్పేది? జరుగు, వాడి మీద నీ నీడ పడుతోంది.”

చిన్నోడు పక్కకి జరిగాడు.

అతను మళ్ళీ షాపుకి వెళ్ళనేలేదు, దారిలో తన ఫోటో మీది దుమ్ము తుడిచాడంతే.