పక్క గీత మీద మనిషి

కల్పలత విసిరిన గొడ్డలి తల ఒకవైపు, పట్టుకునే చెక్క కామ ఒకవైపు పడ్డాయి.

వెనక కుర్చీల్లో కూర్చున్న కాలేజీ పిల్లలు నవ్వారు.

సైనిక్‌పురిలోని ఆ రేకుల షెడ్డుకు ఆమె రావడం అది రెండో ఆదివారం. ఒక చివర ఎర్ర వలయాలు గీసిన చెక్క బోర్డులు, ఇవతల నేల మీద తెల్ల గీతలు. గీత మీద నిలబడి టామహాక్ అనే చిన్న గొడ్డలిని విసరాలి. అది గాల్లో ఒక్క చుట్టు తిరిగి బోర్డులో నాటుకోవాలి.

ఆమెది ఇంతవరకు ఒక్కటీ నాటుకోలేదు.

ముప్పై ఎనిమిదేళ్ల కల్పలత ఉండేది మారేడ్‌పల్లిలో, పని ఇన్సూరెన్స్ ఆఫీసులో. చిన్నప్పుడు గురిచూసి రాళ్లు విసరడమంటే ప్రాణం. ఆడపిల్లకు గురేమిటని ఇంట్లో చేతి మీద కొట్టారు. ఆ చెయ్యి అప్పటి నుంచీ దేనికోసమో అలమటిస్తూనే ఉంది. ఈమధ్య ఎవరో ఫోన్లో ఈ ఆట చూపించారు. గొడ్డలి చెక్కలో దిగిన ఆ చప్పుడు ఆమెను వారం రోజులు నిలవనివ్వలేదు.

ఇప్పుడు బ్యాగు తీసి భుజాన వేసుకుంది.

"వెళ్లిపోతున్నారా అమ్మా?"

పక్క గీత మీద ఒక పెద్దాయన. ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కా. చర్చి నుంచి నేరుగా వచ్చినట్టున్నారు.

"నాతోని అయితలేదు అంకుల్. అందరు నవ్వుతున్నరు."

"నాకూ రాదమ్మా. ఉండండి, నన్ను చూసి నవ్వుతారు."

ఆయన విసిరారు. గొడ్డలి బోర్డుకు అడ్డంగా తగిలి కింద పడింది.

పిల్లలు మళ్లీ నవ్వారు. ఈసారి కల్పలత కూడా నవ్వింది. బ్యాగు కింద పెట్టింది.

ఆయన పేరు దేవానందం. విరిగిన ఆమె గొడ్డలిని చేతిలోకి తీసుకుని తిప్పి చూశారు.

"ఆన్‌లైన్‌లో కొన్నారా?"

"రంగు మంచిగున్నదని తీసుకున్న."

"ఇది పోత ఇనుము. పెచ్చులుగా లేస్తుంది. కొలిమిలో కాల్చి సాగగొట్టినది కావాలి. కామ ఎలాగూ ఒకరోజు విరుగుతుంది. విరిగితే మార్చుకునేలా ఉండాలి."

"ఇవన్ని మీకెట్ల తెలుసు?"

"ముప్పై ఏళ్లు రైల్వే వర్క్‌షాపులో ఇనుముతోనే బతికాను. గొడ్డలి సంగతి తెలుసు. విసరడమే రాదు."

ఆ శనివారం ఇద్దరూ రాంగోపాల్‌పేట్‌లో ఒక పనిముట్ల కొట్టుకు వెళ్లారు. దేవానందం ఒక్కో గొడ్డలి తీసి దాని కామను కంటి దగ్గర పెట్టుకుని పొడవునా చూశారు. ఐదు పక్కన పెట్టారు. ఆరోది ఆమె చేతికిచ్చారు.

"చెక్కలో గీతలు ఈ కొస నుంచి ఆ కొసకు నడిచాయి చూడండి. అడ్డం తిరిగిన చోటే విరుగుతుంది."

"పదును ఇంక జెర ఉండాలె కదా?"

"మరీ పదునైతే అంచు మడతపడుతుంది. బరువు చూసుకోండి. వందసార్లు విసిరినా భుజం లాగకూడదు."

ఐదో ఆదివారం ఆమె గొడ్డలి మొదటిసారి నాటుకుంది.

ఫోన్లో విన్న చప్పుడు కాదది. అరిచేతి నుంచి గుండెదాకా వచ్చింది. కల్పలత కళ్లు తుడుచుకుని పక్కకు చూసింది. దేవానందం చప్పట్లు కొడుతున్నారు. ఆయన గొడ్డలి కింద పడి ఉంది.

అప్పటి నుంచి ఆమే ఆయనకు చెప్పడం మొదలుపెట్టింది.

"మణికట్టు తిప్పుతున్నరు అంకుల్. అరడుగు ఎనకకు జరగండి."

"అలాగా? ఇంకోసారి చూపించండి."

ఆమె చూపించేది. చూపించిన ప్రతిసారీ ఆమెది ఇంకొంచెం లోపలి వలయంలో దిగేది. ఆయనది జారి పడేది.

తనకంటే రానివాడు ఒకడున్నాడన్న ధైర్యం ఆమెకు లోలోపల హాయిగా ఉండేది. అది ఎవరితోనూ అనలేదు.

ఒక ఆదివారం మాత్రం విసుగు దాచుకోలేకపోయింది.

"నాలుగు నెలలైంది అంకుల్. మీరు మనసు పెడ్తలేరు."

"మీకు వచ్చేసింది కదమ్మా," అన్నారాయన, చెమట తుడుచుకుంటూ.

తరువాతి ఆదివారం ఆయన రాలేదు. ఆపై వారమూ రాలేదు. ఫోను నంబరు ఎప్పుడూ అడగలేదని, ఇల్లెక్కడో కూడా తెలియదని ఆమెకు అప్పుడు తట్టింది. తలుపు చప్పుడైనప్పుడల్లా తల తిప్పింది. విసిరేముందు అలవాటుగా పక్కకు జరిగి ఆయనకు చోటిచ్చింది.

మూడో ఆదివారం గొడ్డలి నట్టనడి వలయంలో దిగింది.

"అంకుల్," అంటూ తిరిగింది.

పక్కన గీత ఒక్కటే ఉంది.

షెడ్డు నడిపే ఓంప్రకాశ్ దగ్గరికి వెళ్లింది.

"దేవానందం అంకుల్ వస్తలేరేంది?"

"మీకు తెల్వదా మేడమ్? సార్ చనిపోయిండు. మూడు వారాలాయె. గుండెనొప్పి."

కల్పలత బల్ల అంచు పట్టుకుంది. షెడ్డులో ఎవరిదో గొడ్డలి బోర్డులో దిగింది. ఆ చప్పుడు ఆమెకు ఎక్కడో దూరంగా వినిపించింది.

"ఒక్కసారన్న ఆయనది నాటుకుంటే చూడాలనుకున్న," అంది చివరికి.

ఓంప్రకాశ్ ఆమెను వింతగా చూశాడు.

"నాకు ఈ ఆట నేర్పిందే సార్ మేడమ్. ఈ బోర్డులన్ని సారే బిగించిండు. ఇంతకు రెండింతల దూరం నుంచి ఏసినా నడిమిట్లనే దిగేది."

"నేనెన్నడు చూడలే."

"చెప్పొద్దన్నడు," అన్నాడు ఓంప్రకాశ్ మెల్లగా. "సార్‌ది ఎడమచేతి వాటం మేడమ్, మీ పక్కన నిలబడ్డన్ని రోజులు కుడిచేత్తోనే ఇసిరిండు."