తొమ్మిదోసారి

ముసలాయన తువ్వాలు ముడి విప్పి ఆ వస్తువు బల్ల మీద పెట్టగానే, వినీల చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది.

ఆకుపచ్చ బొమ్మ రైలింజను. జానెడున్నర పొడవు. ముందు ఎడమ చక్రం మాత్రం ఇత్తడిది.

ఆ చక్రాన్ని ఆకురాయితో అరగదీసి అమర్చింది తన తండ్రి ఎజ్రా మాస్టారు. అప్పుడు ఇంజను కదలకుండా పట్టుకుంది తనే.

"మోటారు కాలినట్టుందమ్మా. ఇంత సన్న తీగ చుట్టేది రాజమండ్రి మొత్తం మీద మీరొక్కరేనన్నారు."

"ఎవరిదండి ఇది?" గొంతు మామూలుగానే ఉంచింది.

"ఇరవై రెండేళ్లుగా నా దగ్గరే ఉందమ్మా."

"ఇంత పాతది ఇప్పుడు బాగుచేయించి ఏం చేస్తారు?"

"ఒకరికి అప్పగించాలి. చెడిపోయింది ఇస్తే బాగుండదు కదా."

అమ్ముకుంటాడన్నమాట, అనుకుంది వినీల.

పేరు అడగలేదు. అడగాల్సిన పనేముంది?

నరసాపురంలో మిషన్ దొర ఒకాయన సొంత దేశం వెళ్లిపోతూ, నడపడం తెలిసినవాడివి నువ్వొక్కడివేనని ఎజ్రా మాస్టారి చేతిలో పెట్టిన ఇంజను అది. అప్పటికే దానికి యాభై ఏళ్లు. ప్రతి క్రిస్మస్‌కీ చర్చి హాల్లో పట్టాలు పరిచి మాస్టారు దాన్ని నడిపేవారు.

ఓ ఏడాది, ఊరికి కొత్తగా వచ్చిన పెద్దాఫీసరు ఎగ్జిబిషన్‌లో రెండ్రోజులు పెట్టి ఇస్తానని పట్టుకెళ్లాడు.

మళ్లీ ఇవ్వలేదు.

మాస్టారు అతని బంగళాకి తొమ్మిదిసార్లు తిరిగారు. తొమ్మిదోసారి ఆఫీసరు గుమ్మంలోనే నిలబెట్టి, "నీ దగ్గర రసీదుందా?" అన్నాడు.

ఆ దిగులుతోనే మాస్టారు మంచం పట్టారు. ఆ ఏడాదే పోయారు. తల్లి వినీలని తీసుకుని రాజమండ్రి వచ్చేసింది.

ఆ ఆఫీసరుని వినీల ఎప్పుడూ చూడలేదు. ఇదుగో, ఇప్పుడు కాళ్ల దగ్గరికే వచ్చాడు. చొక్కా కాలరు చిరిగి ఉంది.

బాగా అయింది, అనుకుంది.

"ఎల్లుండి రండి" అంది పైకి.

ఆ సాయంత్రమే ఇంజను విప్పింది. లోపల ఎక్కడా దుమ్ము లేదు. ఇరుసుల దగ్గర నూనె ఇంకా తాజాగా ఉంది.

దొంగసొమ్మును ఎంత ముద్దుగా చూసుకున్నాడో!

వెంట్రుకంత తీగతో మోటారు మళ్లీ చుట్టింది. కార్బన్ బ్రష్‌లు మార్చింది. చక్రాలు గిర్రున తిరిగాయి.

బీరువాలో పెట్టి తాళం వేసింది.

రెండోసారి వచ్చాడు.

"బ్రష్‌లు దొరకలేదండి. సోమవారం రండి."

మూడోసారి వచ్చాడు.

"తీగ రాలేదండి."

"పర్లేదమ్మా. ప్యాసింజరు ఉందిగా, మళ్లీ వస్తాను."

కోపం తెచ్చుకోడేం? అదే ఆమెకి మరీ మంటగా ఉంది.

ఐదోసారి మంచినీళ్లడిగాడు.

"ఎదురుగా హోటలుందండి" అంది తలెత్తకుండా.

ఏడోసారి, మే ఎండలో నడిచొచ్చి మెట్టు మీదే కూలబడ్డాడు. కళ్లు తిరిగాయట. వినీల చెయ్యి బీరువా తాళం దాకా వెళ్లింది.

బంగళా నుంచి వచ్చిన నాన్న, అన్నం ముందు కూర్చుని కలపకుండానే లేచిపోవడం గుర్తొచ్చింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గురువారం రండి."

తొమ్మిదోసారి వచ్చేసరికి బల్ల మీద గుండ్రంగా పట్టాలు పరిచి ఉన్నాయి. తండ్రి పెట్టెలో మిగిలిపోయిన పట్టాలు. గరుకు కాగితంతో తుప్పంతా రుద్ది ఉంచింది. షాపులో నలుగురైదుగురున్నారు. ఆమెకి కావలసిందీ అదే.

స్విచ్ వేసింది. ఇంజను చిన్నగా వణికి, కదిలి, మలుపు తిరిగింది.

"నడిచింది!" ముసలాయన చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు.

"మా నాన్నగారు కూడా తొమ్మిదిసార్లే తిరిగారండి, దీనికోసం."

ముసలాయన తల తిప్పాడు. "మీ నాన్నగారా?"

"ఎజ్రా మాస్టారు. ఈ ఇంజను ఆయనది. ఇరవై రెండేళ్లు దొంగసొమ్ము ఇంట్లో పెట్టుకున్నారు. ఇప్పుడు బేరానికి పెట్టారు. నేనివ్వను. ఎవరికి చెప్పుకుంటారో చెప్పుకోండి." ఒక్క క్షణం ఆగింది. "మీ దగ్గర రసీదుందా?"

షాపులో వాళ్లంతా అతన్ని ఎగాదిగా చూశారు. "ఈ వయసులో ఇదేం బుద్ధి!" అన్నారెవరో.

ముసలాయనకి అవేవీ వినపడినట్టు లేదు.

"నువ్వు మాస్టారి అమ్మాయివా, తల్లీ?"

తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. ఇంజను ఇంకో రెండు చుట్లు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు.

"నూనె ఎక్కువ వెయ్యకమ్మా. ఇరుసుకి ఒక్క చుక్క చాలు. మాస్టారు అలాగే చెప్పేవారు."

"ఆయన పేరెత్తకండి. ముందు మెట్లు దిగండి."

"దిగుతానమ్మా. నా పనైపోయింది."

తువ్వాలు దులిపి భుజాన వేసుకుని దిగిపోయాడు. వినీలకి ఒళ్లంతా తేలికైనట్టనిపించింది. ఈ ఒక్క రోజు కోసం ఎన్నేళ్లు ఎదురుచూసింది!

మిక్సీ రిపేరుకి వస్తున్న చిట్టియ్య గారు మెట్ల దగ్గర అతన్ని ఆపి పలకరించారు. రెండు మాటలు మాట్లాడి ముసలాయన ఆటో ఎక్కేశాడు.

"బుల్లిరాజు నీకెలా తెలుసమ్మా?" అంటూ లోపలికొచ్చారు చిట్టియ్య గారు. "అతని మొహంలో ఇంత సంతోషం నేనెప్పుడూ చూళ్లేదు."

"బుల్లిరాజు ఎవరండి? ఆయన నరసాపురంలో పెద్దాఫీసరుగా చేశారు కదా?"

"ఆఫీసరా! ఆ ఆఫీసరు పోయి పదేళ్లయింది. నేనక్కడ గుమాస్తాగా చేసేవాణ్ణి, నాకు తెలీదా?" చిట్టియ్య గారు మిక్సీ బల్ల మీద పెట్టారు. "ఇతను ఆ బంగళాలో ప్యూనమ్మా. ఎవరిదో బొమ్మ రైలింజను మాయం చేశాడని ఉద్యోగం పీకేసి, పోలీసులకిచ్చి కొట్టించినా, 'అది చనిపోయిన మాస్టారిది, వాళ్లవాళ్లు ఎక్కడున్నా వెతికి చేరుస్తాను' అన్న ఒక్క ముక్క తప్ప నోరు విప్పలేదు."