నున్నని బొటనవేలు

“ఆయమ్మా, నీ వేలికేంటది?”

చెంచా అత్తగారి నోటి దగ్గరే ఆగిపోయింది.

“పులిపిరి అమ్మగారూ. ఎప్పటినుంచో ఉంది.”

కోడలు దగ్గరికొచ్చి వంగి చూసింది. శనగగింజంత, గరుకుగా, బొటనవేలి కణుపు మీద తిష్ఠ వేసుకుని ఉంది. ఇన్నాళ్ళూ తన కంట పడనే లేదు.

“అదే చేత్తో అత్తయ్యకి తినిపిస్తున్నావా? ఆవిడకి అంటుకుంటే?”

“పెద్దమ్మగారికి ఇదంటే...”

“ఆవిడకి చూపే లేదు. ఏం తెలుస్తుంది పాపం!”

చూపులేని అత్తగారు ఆయా బొటనవేలు గట్టిగా పట్టుకుని నవ్వుతోంది.

“చిట్టీ, చల్లారిపోతోందే.”

“ఇదిగో అమ్మా” అంది ఆయా.

ఆయా పేరు చిట్టి కాదు. ముసలావిడ నోటికొచ్చిన పేరు పెట్టుకుందనుకుంది కోడలు. ఎవరు తినిపించినా నోరు బిగించుకునే మనిషి, ఈ ఆయా వచ్చాకే నాలుగు ముద్దలు తింటోంది. పేరేదైతేనేం?

మర్నాడే ఆయాని చర్మం డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది.

డాక్టరమ్మ వేలు తిప్పి చూసి తేలిగ్గా నవ్వింది.

“వైరస్ వల్ల వచ్చేదే. భయమేం లేదు. గిల్లకూడదు, కోయకూడదు, అంతే. ప్లాస్టర్ వేసుకుని పని చేసుకోవచ్చు. పూతమందు రాస్తే మెల్లగా కరుగుతుంది. ఒక్కోసారి దానంతటదే పోతుంది కూడా.”

“మెల్లగా అంటే కుదరదండీ. ప్లాస్టర్ ఊడి గిన్నెలో పడితే? ఇవాళే తీసేయండి.”

“అయితే చల్లటి మందుతో గడ్డకట్టించి రాల్చేద్దాం.”

ఆయా చెయ్యి వెనక్కి లాక్కుంది.

“ఉండనివ్వండి అమ్మగారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను.”

“అదేమన్నా వజ్రపుటుంగరమా, అంత బెంగ? నీకు పని కావాలా, పులిపిరి కావాలా?”

ఆయా తలొంచుకుని చెయ్యి చాపింది.

పొక్కు లేచింది. నల్లబడింది. రాలిపోయింది. పుండు మానేదాకా కోడలు ఆమెని ఇంటికి రానివ్వలేదు. “చిట్టి ఏదీ?” అని అడిగినప్పుడల్లా, “వస్తుంది అత్తయ్యా” అంటూ నాలుగు గుక్కల పాలు పట్టేది.

ఆయా వచ్చింది.

“నేనే అమ్మా.”

అత్తగారి చెయ్యి ఆత్రంగా ముందుకొచ్చి వేలు అందుకుంది. తడిమింది. మళ్ళీ తడిమింది. విసిరికొట్టింది.

“ఎవరే నువ్వు? మా చిట్టి గొంతు పెట్టుకొచ్చావా?”

రోజూ అదే వరస. కొన్నాళ్ళకి ఆయా రావడం మానేసింది.

అత్తగారి నోరు మళ్ళీ మూతపడింది. మనిషి మంచానికి అంటుకుపోయింది.

కోడలు ఫోన్ చేసింది.

“నీకు దణ్ణం పెడతాను, రా ఆయమ్మా.”

“వచ్చి ఏం చేయనమ్మా? ‘నేను చిట్టిని కాను’ అని చేరిన కొత్తలో ఒకసారి చెప్పాను. ఆ రోజంతా మంచినీళ్ళు కూడా ముట్టలేదు. మళ్ళీ చెప్పలేదు.” అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు. “పోగొట్టే మందుంది కదా... మళ్ళీ రప్పించే మందుందేమో అడగండమ్మా.”

కోడలు గదిలోకి వెళ్ళి, తన బొటనవేలిని అత్తగారి గుప్పిట్లో పెట్టింది. ఆ గుప్పిలి ఒక్కసారి తడిమి వదిలేసింది.

గుమ్మంలో భర్త నిలబడి చూస్తున్నాడు.

“ఏమండీ, చిట్టి ఎవరు?”

ఆయన లోపలికి వచ్చాడు.

“ఆయా పులిపిరి ఏ వేలికి ఉండేది?”

“బొటనవేలికి.”

ఆయన మంచం అంచున కూలబడ్డాడు.

“మా అక్క. చిన్నప్పుడు బజారు జనంలో అమ్మ చెయ్యి జారి తప్పిపోయింది. ఆ తర్వాత ఆ పేరు ఈ ఇంట్లో ఎవరం ఎత్తలేదు. అమ్మ ఆయాని అలా పిలుస్తుంటే మతి తప్పిందనుకున్నాను. చూపు పోతోందని డాక్టర్లు చెప్పిన రోజు అమ్మ ఒక్కటే మాటంది: ‘పోతే పోనీరా, దాని బొటనవేలి మీద పులిపిరి ఉంది, చేత్తో తడిమితే చాలు, నా చిట్టిని పోల్చుకుంటాను.’”