ముందు కొట్లాట, తర్వాత దోస్తీ

“కోడి నాది! ముట్టినవంటే బాగుండదు!”

సాయిబాబు అరుపు పూర్తయ్యేలోపే తెర మీద గజేందర్ ఆడిస్తున్న ఉక్కుచేతులోడు చెత్తడబ్బా పగలగొట్టి, అందులోంచి బయటపడ్డ, తింటే ప్రాణం పెరిగే వేయించిన కోడిని మింగేశాడు.

“నీ పానం నిండుగనే ఉన్నది గదా! చావుకు దగ్గరున్నోన్ని నేను!”

“ముందొచ్చినోడు తింటడు. ఆటంటే గంతే.”

దేశం కాని దేశంలో, మెసయీద్‌లో కంపెనీ ఇచ్చిన ఆ గదిలో శుక్రవారం సెలవు ఇలా గడుస్తోంది. ఎవరో ఖాళీ చేసి పోతూ వదిలేసిన పాత గేమ్ మెషిన్ అది. రెండు బొమ్మల పుస్తకాల కంపెనీలు తమ వీరులందరినీ ఒక్కచోట కలిపి చేసిన ఆట. వాళ్ళ ఇంగ్లీషు పేర్లతో వీళ్ళకేం పని? రెక్కలున్నవాడు రెక్కలోడు, రెండోవాడు ఉక్కుచేతులోడు. ఆడుతూ తిట్టుకోవడం ఎప్పుడూ ఉన్నదే. ఇవాళ మాత్రం ఆటను అడ్డం పెట్టుకుని ఇద్దరూ నిజంగానే తిట్టుకుంటున్నారు.

ఆ గదిలో ఉండే ముగ్గురూ రిగ్గర్లు. క్రేన్ కొక్కేనికి ఇనుప దూలాలు తగిలించి, ఎండలో పైకి చూసి చూసి మెడలు పట్టేసినవాళ్ళు. క్రేన్ నడిపే ట్రైనింగ్‌కి ఇంజనీరు వేణుగోపాలరావు సాయిబాబును ఎంచుకున్నాడు. ఆ క్యాబిన్‌లో కూర్చోవాలని సాయిబాబు ఏళ్ళ తరబడి కలలు కన్నాడు. తీరా దగ్గరికొచ్చాక చేజారింది. గదుల్లో వంట చేయకూడదని క్యాంప్ రూలు. సాయిబాబు వండుతున్నాడని ఎవరో పోయి చెప్పారు. సెక్యూరిటీ వాళ్ళు నేరుగా వచ్చి సాయిబాబు మంచం కింద నుంచి కరెంటు పొయ్యి బయటికి లాగారు. వార్నింగ్ పడ్డవాడికి క్రేన్ ఇవ్వరు. ఆ ఛాన్సు మూడో రూమ్మేట్ జహాంగీర్‌కి పోయింది.

“చెప్పింది నువ్వే,” అన్నాడు సాయిబాబు తెర మీంచి కళ్ళు తిప్పకుండా. “కూరల ఉప్పెక్కువైందని నాతోని లొల్లి పెట్టుకున్నవ్. తెల్లారే సెక్యూరిటీ వచ్చిండు.”

“నోరు మూసుకొని ఆడు. ఇంకోసారి గా మాటంటే రిమోట్‌తోని నెత్తి పలుగుతది.”

“పలగ్గొట్టు! నా క్రేనే పోయింది, నెత్తెందుకు నాకు?”

ఆట వంతెన దగ్గరికి వచ్చింది. అక్కడ వీరులిద్దరూ ఎదురుపడగానే, కారణం అడక్కుండా కొట్టుకోవాలి. ఇలాంటి ఆటల్లో అదొక ఆచారం. పిడికిలికి ఉన్న బలం బుర్రకి ఉండదు మరి. సాయిబాబు తన కసంతా బటన్ల మీద తీర్చుకున్నాడు. రెక్కలోడు ఉక్కుచేతులోణ్ణి గాల్లోకి ఎత్తి వంతెనకేసి బాదాడు. గజేందర్ రిమోట్ విసిరికొట్టి లేచాడు.

“థూ! నీతోని ఒక్క గదిల ఉంటే నేను మనిషినే కాదు. రేపే రూమ్ మారుస్త.”

అతను సూట్‌కేసు లాగి బట్టలు కుక్కుతుండగా తెర మీద బొమ్మ మారింది. ఆటలోని విలన్ పచ్చమొకపోడు గద్దె మీద కూర్చుని పగలబడి నవ్వుతున్నాడు. అబద్ధాలు చెప్పి వీరులిద్దరి మధ్యా పుల్లలు పెట్టింది వాడే. సాయిబాబు ఈ బొమ్మ ఎన్నోసార్లు చూశాడు. ఇవాళ మాత్రం రిమోట్ పక్కన పెట్టి లేచాడు.

“అన్నా, ఆగు! ఎన్ని ఆటలాడినం మనం! మొదట్ల కొట్టుకున్నోళ్ళల్ల ఒక్కడన్న విలనైండా?”

“నీ ఆట ముచ్చట నాకెందుకు?”

“ఎప్పుడూ వేరేటోడే ఉంటడన్నా. దూరం నిలవడి నవ్వేటోడు. నా క్రేన్ పోతే నీకేమొచ్చింది? పైకెక్కితే కండ్లు తిరుగుతయని, నిరుడు సార్ అడిగితే నువ్వే వద్దని దండం పెట్టినవ్. మరి లాభం ఎవనికొచ్చింది?”

గజేందర్ జిప్పు లాగుతూనే ఉన్నాడు. “ఊకె ఒకన్ని అనకు. జహాంగీర్ మంచోడు.”

ఆ మాటతో సాయిబాబుకి ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా అప్పుడే జహాంగీర్ జుమ్మా నమాజు ముగించుకుని బిర్యానీ పొట్లాలతో లోపలికి వచ్చాడు.

“యల్లా, లేవుండ్రి, వేడి వేడిగున్నది!”

“క్రేన్ దక్కినందుకు దావతా?” సాయిబాబు అతని కాలరు పట్టుకున్నాడు. “నా పొయ్యి మీద వండింది తిని, నా మీదనే చాడీలు చెప్తవురా?”

“అల్లా కసమ్ భాయ్, నేను చెప్పలే! ఆ పొయ్యి పోతే నాకు మాత్రం తిండెక్కడిది?”

“కసమ్‌లు గిసమ్‌లు వద్దు! నిజం చెప్పు!”

తోపులాటలో బిర్యానీ నేలపాలైంది. జహాంగీర్ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. “అన్నా, నువ్వన్న చెప్పు,” అని గజేందర్ వైపు చూశాడు.

“నన్ను మధ్యల గుంజకు,” అని గజేందర్ మొహం తిప్పుకున్నాడు.

జహాంగీర్ అక్కడే నిలబడి ఇంజనీరుకి ఫోన్ కలిపాడు. “సార్, నాకు క్రేన్ వద్దు. దోస్తుని ఏడిపించి నేను పైకెక్క.” అవతలి మాట వినకుండానే పెట్టేశాడు. “సల్లవడ్డదా నీ కడుపు?” అని సాయిబాబును అడిగి, దుప్పటి చంకన పెట్టుకుని పక్క గదికి వెళ్ళిపోయాడు.

సాయిబాబు రొప్పుతూ నేల మీది మెతుకులు ఎత్తాడు. తర్వాత సిగ్గుపడుతూ గజేందర్ చేతులు పట్టుకున్నాడు.

“అన్నా, నిన్ను అనరాని మాటలన్న. తప్పైంది. రేపు సార్ కాళ్ళు పట్టుకుంట, వార్నింగ్ తీసేయమంట. నా దిక్కు ఒక మాట చెప్తవా?”

గజేందర్ అంత తేలిగ్గా కరగలేదు. రెండుసార్లు చేతులు విడిపించుకుని, చివరికి సూట్‌కేసును మంచం కిందికి తోశాడు.

“రేపటిదాక ఎందుకు? ఇప్పుడే మాట్లాడుత. ఆట చప్పుడుల మాట ఇనవడది, నేను బయటికి పోత, నువ్వు ఆడుతుండు.”

సాయిబాబు ఆశగా తల ఊపి రిమోట్ అందుకున్నాడు. గజేందర్ తలుపు దగ్గరికి వేసి, వరండా చివరిదాకా నడిచి, ఇంజనీరు నంబరు నొక్కాడు.

“సార్, నా కండ్లు తిరుగుడు తగ్గింది. ఇద్దరూ తప్పుకున్నరు, ఇగ క్రేన్ నేనెక్కుత.”