ముప్పై రెండో పేజీ

లోకంలో మిగిలిన ఒకే ఒక్క ప్రతిలోంచి ముప్పై రెండో పేజీని ఎవరో బ్లేడుతో కోసేశారు.

పాత వీడియో గేమ్ పత్రికలను స్కాన్ చేస్తున్న అమ్మాయి ఆ సంచికను మళ్ళీ మొదటినుంచీ తిరగేసింది. కిటికీల్లేని ఆ గదికి ఉన్న ఒక్క తాళంచెవీ ఆమె దగ్గరే ఉంది.

“దొంగ నేనే అంటారు, ఎడిటర్‌గారూ!” అంది, తన పత్రికలన్నీ దానమిచ్చి రోజూ వచ్చి పక్కన కూర్చునే పెద్దాయనతో.

“ఆ పేజీలో అంత ఏముందమ్మా?”

“కోట ఆటలో చీకటికొట్టు గోడను గుద్దితే తెరుచుకునే రహస్య ద్వారం. మీరు రాసినట్టే మా అన్నయ్య సెలవులన్నీ ఆ గోడను గుద్దాడు. తెరుచుకుంటేగా! ఇంట్లో వాడు ఇప్పటికీ గోడబాబే.”

పెద్దాయన జేబులోంచి మడత కాగితం తీసి ఆమె ముందు పెట్టాడు.

“మీ అన్నయ్య తప్పేం లేదమ్మా. అక్కడ ద్వారమే లేదు. పేజీ నిండక నేనే కల్పించాను. ఇక ఇంటర్నెట్‌లో లోకమంతా చదువుతుందంటే భయమేసి, నేనే కోశాను.”