నీకన్న ముందుంట

వేదిక పక్కగదికి తలుపు లేదు.

కొత్తగా వచ్చిన పాస్టర్ శ్రవణ్ కుమార్ ఖాళీ ద్వారబంధాన్ని చూస్తూ నిలబడిపోయాడు. మరలు ఊడదీసిన చోట చెక్క ఇంకా తెల్లగా ఉంది.

"తలుపేది?" అని సంఘపెద్ద యోసేపును అడిగాడు.

"మొన్ననే తీసేసినం అయ్యగారు. సండే స్కూలు పిల్లలు కూసునే గది గద. ఇగ నుంచి ఇద్దరు ఆడోళ్లు గూడ కూసుంటరు పిల్లల కాడ."

మాటలో మర్యాద ఉంది. చూపులో మాత్రం లేదు.

శ్రవణ్ కుమార్ ఆలోచనలో పడ్డాడు. వనపర్తి దగ్గరి ఈ ఊరికి తన సంగతి ఎలా తెలిసింది? తను వచ్చింది గద్వాల దగ్గర ధరూర్ అవతలి పల్లె నుంచి. అక్కడి పెద్దలు ఉత్తరం కూడా చక్కగా రాసిచ్చారు: ప్రార్థనాపరుడు, పిల్లలంటే ప్రేమ గలవాడు.

ఆ ప్రేమ ఎలాంటిదో ఏసమ్మ మనవరాలికి తెలుసు. పదేళ్ల పిల్ల. వాక్యాలు కంఠతా పట్టిస్తానని ఒక్కదాన్నే పక్కగదిలోకి పిలిచి తలుపు వేశాడు. ఆ రోజు నుంచి చర్చి గంట వినపడితే చాలు, ఆ పిల్ల మంచం కిందికి దూరేది.

ఏసమ్మ పత్తి ఏరే కూలి మనిషి. సంఘపెద్దల కూటంలో లేచి నిలబడి అన్నీ చెప్పింది. "కంచే చేను మేస్తే ఎవలకు చెప్పుకోవాలె?" అని అడిగింది. పెద్దలు చివరికి, దేవుని సేవకుని మీద కేసు పెడితే సంఘం పరువు పోతుందన్నారు. వేరే ఊరికి పంపిస్తే సరిపోతుందన్నారు. పంపేటప్పుడు ఆదివారం ఆరాధనలో అందరి ముందూ శాలువా కూడా కప్పారు. సిగ్గన్నది ఉండాలి.

శాలువా భుజాల మీద పడుతుండగా ఏసమ్మ నడుచుకుంటూ ముందుకొచ్చింది. గొంతు కూడా పెంచలేదు.

"నువ్వు ఏ ఊరన్న పో. నీకన్న ముందుంట ఆడ."

"ముసల్దానికి మతి చెడ్డది. జర బయటికి తోల్కపో," అని శ్రవణ్ కుమార్ తన భార్య రజితకు చెప్పాడు. రజిత ఏసమ్మ చెయ్యి పట్టుకుని బయట వేపచెట్టు కిందికి తీసుకుపోయింది. చాలాసేపటికి గానీ లోపలికి రాలేదు. రజిత ఎప్పుడూ అంతే, చెప్పిన పని చేస్తుంది, ఎదురు ప్రశ్న వెయ్యదు.

ముసలిది అన్నంత పనీ చేసింది. వనపర్తి దగ్గరి ఊళ్లో అతనికి ఏ గదికీ తలుపు దొరకలేదు. సండే స్కూలుకు పోతే గడప దగ్గరే ఇద్దరు ఆడవాళ్లు చాప పరుచుకుని కూర్చునేవారు. ప్రార్థన చేస్తానని ఎవరింటికైనా పోతే, తల్లులు ముందు పిల్లల్ని పక్కింటికి పంపి, తరువాత కుర్చీ వేసేవారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. ఆ మర్యాదే అతన్ని కాల్చుకు తిన్నది.

"ఆ ఏసమ్మనే వీళ్లకు చెప్పింటది. బస్సెక్కి వచ్చింటది," అని ఇంట్లో పళ్లు కొరికేవాడు.

"కావచ్చు," అనేది రజిత, చాయ్ గ్లాసు అందిస్తూ.

ఏడాదిన్నర తరువాత, కోడేరు దాటి లోపలికి పోతే వచ్చే ఒక ఊళ్లో పాస్టర్ కావాలని తెలిసింది. ఈసారి జాగ్రత్తపడ్డాడు. పాత ఊళ్లలో ఒక్కరికీ ఆ ఊరి పేరు చెప్పలేదు. బయలుదేరే రోజు ఇంటికి తాళం వేసి, ధరూర్ వైపున్న పాత సంఘపెద్ద సాయన్నకు ఫోన్ చేశాడు.

"ఏసమ్మ ఏం చేస్తుంది గిప్పుడు?"

సాయన్న చావు కబురు చల్లగా చెప్పాడు. "మీకు తెల్వదా అయ్యగారు? మీకు శాలువా కప్పినమా, ఆ ఐతారం మంచంల పడ్డది. మీరు ఊరు దాటినంక, పై మంగళారం పానం ఇడిసింది."

శ్రవణ్ కుమార్ ఫోన్ జేబులో పెట్టుకుని చాలాసేపు నవ్వుకున్నాడు. చచ్చిన మనిషికి భయపడి ఏడాదిన్నర పాడు చేసుకున్నాడు. దేవునికి స్తోత్రం చెప్పుకుని ఆటో ఎక్కాడు.

కొత్త ఊళ్లో ఇల్లు కడిగి ఉంది. సామాను సర్ది ఉంది. పొయ్యి మీద పాలు పొంగిన మరక ఉంది. సంచి అక్కడ పడేసి, దువ్వెనతో తల సరిచేసుకుని చర్చికి పోయాడు.

వేదిక పక్కగదికి తలుపు లేదు.

ముందు వరుసలో గద్వాల వైపు నుంచి వచ్చిన ఎస్సై, ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు కూర్చున్నారు. గోడ వారగా ఏసమ్మ కూతురు, ఆ పిల్ల తల్లి, నిలబడి ఉంది. ఆమె కళ్లు అతని మీది నుంచి కదలలేదు.

"శ్రవణ్ కుమార్ నువ్వేనా?" అన్నాడు ఎస్సై లేస్తూ. "పోక్సో కేసు. పిల్లకు నోరు విప్పే ధైర్యం రానీకె గిన్ని దినాలు పట్టింది. మేజిస్ట్రేట్ ముంగట అంతా చెప్పింది. నడువు."

"ఎవలు పెట్టిన్రు కేసు?" అన్నాడు శ్రవణ్ కుమార్. "ఆ ముసల్ది సచ్చిపోయింది గద."

ఎస్సై ఫిర్యాదు కాగితం అతని ముఖం ముందు పెట్టాడు.

అడుగున ఉన్న సంతకం, ప్రతి కొత్త ఊరికీ ఇల్లు కడిగి పాలు పొంగించడానికని తనకంటే రెండు రోజుల ముందే అతను పంపిస్తూ వచ్చిన రజితది.