మూగబోతే వెళ్ళే కబురు

లిఫ్టు ఒక్క కుదుపు కుదిపి, రెండంతస్తుల మధ్య ఆగిపోయింది.

లోపల ఇద్దరే. కాఫీ గ్లాసుతో ఇంజినీరమ్మ, పక్కన ముక్కూ ముఖం తెలియని ఒక ముసలాయన.

సెలవు రోజు. భవనంలో పురుగైనా లేదు. అలారం మీట నొక్కితే మోగింది గాని, పలికిన నాథుడు లేడు.

ఆమె ఫోను తీసి 'లిఫ్టులో ఇరుక్కున్నాను' అని కొట్టింది. వెళ్ళలేదు. మళ్ళీ కొట్టింది. సిగ్నలే లేదు.

ఆమెకు ఉబ్బసం. చిటికెలో వచ్చేస్తాను కదా అని, పీల్చే మందు ఆఫీసు బల్ల మీదే వదిలేసి దిగింది.

ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

"అమ్మాయ్, కూర్చో. ఆ ఫోను పక్కన పడెయ్," అన్నాడు ముసలాయన.

"మెసేజ్ వెళ్ళట్లేదండీ!"

"వెళ్ళకపోతేనే మనకు మంచిది." ఆయన చొక్కా గుండీ విప్పి, గుండెకు అంటించిన పట్టీ చూపించాడు. "నా గుండె ఎలా కొట్టుకుంటోందో ఇది ఎప్పటికప్పుడు మా అమ్మాయికి చెబుతుంటుంది. ఇప్పుడు మూగబోయిందిగా?"

ఆమెకు చప్పున వెలిగింది. ఇలాంటి పట్టీల కబుర్లు మోసే సర్వర్లు ఆమె కంపెనీవే. ప్రతి పట్టీ ముందుగానే ఒక ఆఖరి మాట సర్వర్ దగ్గర దాచుకుంటుంది. పట్టీ పలకడం మానేస్తే, ఆ మాటను సర్వరే పంపించేస్తుంది. ఆఫీసులో దాన్ని వీలునామా అంటారు.

"ఆ సర్వర్లు మావేనండీ. మీ వీలునామాలో ఏం రాశారు?"

"'నాన్న పలకడం లేదు, ఆఖరిసారి ఫలానా చోట ఉన్నాడు' అని. ఎంతసేపట్లో వెళుతుందంటావ్?"

"తొందరగానే... ఇదివరకైతే చాలాసేపు ఆగి చూసేవాళ్ళం. లైను కాస్త తడబడగానే చావు కబురు పంపేస్తే ఎలాగండీ?" ఆమె రొప్పింది. "ఒక కస్టమర్ మా ప్రాణాలు తోడేశాడు. రోజూ ఫోనే. జిడ్డు తాత అని పేరు పెట్టాం. ఆయన పోరు పడలేక ఆ ఆగే సమయం మొన్ననే తగ్గించాం."

"పాపం, వేరే పనీపాటా లేదేమో," అని నవ్వాడాయన. "ఇంక మాట్లాడకు. ముక్కుతో పీల్చు, నోటితో మెల్లగా ఊదు. నాతో పాటు."

గోడలు మీదికి జరుగుతున్నట్టుంది. ఊపిరి దారంలా సన్నబడింది. ఆమె ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన ఊదినప్పుడల్లా ఊదింది.

ఇంకెంతసేపు?

పైన ఎవరో తలుపు దబదబా బాదారు. "నాన్నా!"

"బతికే ఉన్నానే! నా సంగతి తర్వాత, ముందు ఈ పిల్లకు మందు తెప్పించు!"

ఆవిడ వెంట గేటు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన వాచ్‌మన్ తలుపు తెరిచి, ఆమెను పైకి లాగి, బల్ల మీది మందు తెచ్చి చేతిలో పెట్టాడు.

ఊపిరి కుదుటపడ్డాక ఆమె తలెత్తి చూసింది. ముసలాయన లేడు.

"ఆయనేరీ? ఒక్క మాటైనా చెప్పలేకపోయాను."

"వాళ్ళమ్మాయి తిట్టుకుంటూ డాక్టరు దగ్గరికి లాక్కుపోయిందమ్మా."

"సెలవు రోజున ఎవరి కోసం వచ్చారు?"

"మీ ఆఫీసుకేనమ్మా," అన్నాడు వాచ్‌మన్. "వాళ్ళావిడ పట్టీ మూగబోయిన కబురు ఆయనకు అంతా అయిపోయాక అందిందట; ఇప్పుడు మీరు తొందరగా పంపేట్టు చేశారని, ఇంక ఫోన్ చేసి విసిగించనని చెప్పి, దణ్ణం పెట్టి పోదామని వచ్చానన్నారు."